యూరప్‌లో రైలు సమ్మె పడితే: ఫ్లిక్స్‌బస్, బ్లాబ్లాకార్, అద్దె కారు – దేనికెన్ని మార్కులు

యూరప్ టూర్‌కు రైలు టికెట్లన్నీ తీసేసుకున్నాక సరిగ్గా ప్రయాణం రోజుకే సమ్మె పిలుపు పడితే జనం పరుగెత్తేది మూడు చోట్లకే: దూరప్రాంతాల బస్సు, ఎవరి కార్లోనో ఖాళీ సీటు, అద్దె కారు. మామూలు రోజున ఇవి ఎంత బాగుంటాయన్నది ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు. సీట్లకు జనం ఎగబడి, రేట్లు పెరిగి, రోడ్లు కిక్కిరిసిన రోజున ఏది ఎంతవరకు అక్కరకొస్తుందో చూసి ఇచ్చిన మార్కులివి.

ముందే తేల్చి చెప్పాలంటే, 200 నుంచి 600 కిలోమీటర్ల దూరానికి ఫ్లిక్స్‌బస్ లాంటి బస్సుకే మా ఓటు. బస్సులు నిండిపోయాక, ఎవరి కార్లోనో ఖాళీ సీటు ఇప్పించే బ్లాబ్లాకార్ యాప్. నలుగురు మనుషులు, ఒకే దేశంలో ప్రయాణం, జేబులో క్రెడిట్ కార్డు, ఈ మూడూ కుదిరితేనే అద్దె కారు. ఏది ఎంచుకున్నా సరే, చేతిలో ఉన్న రైలు టికెట్‌ను మాత్రం తొందరపడి రద్దు చేసుకోవద్దు. ఖర్చు తడిసి మోపెడయ్యేది ఎక్కువగా అక్కడే. ఆ తిరకాసు సంగతి చివర్లో వివరంగా ఉంది.

సమ్మె ఎవరిది?

వేరే బండి వెతికే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. రైలు నడిపే కంపెనీ డ్రైవర్లో, రైల్లో పనిచేసే సిబ్బందో సమ్మెకు దిగితే ఆ కంపెనీ రైళ్లే ఆగుతాయి. అదే పట్టాల మీద పక్క కంపెనీ రైళ్లు తిరుగుతూనే ఉంటాయి. సిగ్నళ్లు చూసేవాళ్లు విధులు మానేస్తే మాత్రం దాదాపు ఎవరి రైలూ కదలదు. జర్మనీలో 2024 జనవరి చివర్లో డ్రైవర్ల సంఘం జీడీఎల్ రోజుల తరబడి సమ్మె చేసినప్పుడు ప్రభుత్వ రైలు సంస్థ డాయిష్ బాన్ రైళ్లు చాలావరకు ఆగిపోయాయి కానీ ప్రైవేటు కంపెనీ ఫ్లిక్స్‌ట్రెయిన్ నడిచింది. అంతకుముందు 2023 మార్చి 27న రైల్వే సంఘం ఈవీజీ, విమానాశ్రయ సిబ్బంది కూడా ఉన్న వెర్డీ సంఘం కలిసి పిలుపునిచ్చినప్పుడు దూరప్రాంత రైళ్లతో పాటు మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయాలు కూడా స్తంభించాయి. రైలు లేదు కదా అని విమానం టికెట్ కొన్నవాళ్లకు ఆ రోజు రెండు వైపులా దెబ్బే. బ్రిటన్‌లో 2022 జూన్ 21, 23, 25 తేదీల్లో జరిగిన సమ్మెలో పట్టాలు, సిగ్నళ్లు చూసుకునే నెట్‌వర్క్ రైల్ సంస్థ సిగ్నల్ సిబ్బంది కూడా ఉన్నారు. అందుకే నడిచిన రైళ్లు సుమారు ఐదో వంతే.

కాబట్టి వార్తలో 'రైలు సమ్మె' అన్న శీర్షిక దగ్గరే ఆగకుండా, ఏ సంఘం, ఏ కంపెనీ అన్నది చూడండి. ఒక్క కంపెనీదే అయితే ఇటలీలో ట్రెనిటాలియాకు బదులు ఇటాలో, స్పెయిన్‌లో రెన్ఫేకు బదులు ఇర్యో, వియన్నా–సాల్జ్‌బర్గ్–మ్యూనిక్ దారిలో వెస్ట్‌బాన్ ఉండనే ఉన్నాయి. రైలుకు రైలే సరైన బదులు. రెండు గంటల ప్రయాణాన్ని ఆరు గంటలు చేసుకోవాల్సిన పని తప్పుతుంది.

ఇటలీలో ఇంకో వెసులుబాటు ఉంది. అక్కడ 1990 నాటి 146వ నంబరు చట్టం ప్రకారం సమ్మె రోజున కూడా కొన్ని రైళ్లు నడిచి తీరాలి. ప్రాంతీయ రైళ్లకు పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు హామీ వేళలు. ఆదివారాలు, పండుగ సెలవుల్లో ఈ హామీ లేదు; టూరిస్టులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. దూరప్రాంతాల ఫ్రెచ్చా, ఇంటర్‌సిటీ రైళ్లకు వేళలతో పని లేదు, నడిచే రైళ్ల నంబర్ల పట్టిక ఉంటుంది. ట్రెనిటాలియా సైట్‌లో 'ట్రెని గారంతీతి' (హామీ ఉన్న రైళ్లు) అన్న పేరుతో దొరుకుతుంది. మీ టికెట్ మీదున్న నంబరు అందులో ఉంటే ఈ రివ్యూతో మీకు పని లేదు, హాయిగా ఆ రైలే ఎక్కండి. సమ్మె మొదలయ్యేసరికి దారిలో ఉన్న రైలు, గంటలోపు గమ్యం చేరగలిగితే చేరుస్తుంది. లేకపోతే మధ్యలో ఏదో స్టేషన్లో నిలిపేయవచ్చు. రాత్రి 9 గంటలకు మొదలై మర్నాడు రాత్రి 9కి ముగిసే సమ్మెలు అక్కడ మామూలే. అలాంటి రోజున మూడు నాలుగు గంటల ప్రయాణానికి సాయంత్రం 7 తర్వాతి రైలు ఎక్కడమంటే గాల్లో దీపం పెట్టడమే.

ఫ్రాన్స్‌లో పద్ధతి వేరు. మర్నాడు ఏ రైళ్లు నడుస్తాయో అక్కడి ప్రభుత్వ రైలు సంస్థ ఎస్‌ఎన్‌సీఎఫ్ ముందురోజు సాయంత్రం 5 గంటలకల్లా చెబుతుంది. తమ రైలు రద్దయిందని తెలిసిన వేలమంది ఒకేసారి బస్సు యాప్ తెరిచేది కూడా అప్పుడే. అందుకే ఫ్రాన్స్‌లో బస్సు సీటు ఆ ప్రకటన కంటే ముందే చేతిలో ఉండాలి. రైలు నడుస్తుందని తేలితే బస్సు టికెట్ రద్దు చేసుకోవచ్చు. ఆ పోయే ఫీజును ఇన్సూరెన్స్ ప్రీమియం అనుకోండి.

ఫ్లిక్స్‌బస్: 10కి 7.5

2013లో జర్మనీలో మొదలై ఇప్పుడు యూరప్ అంతటా తిరుగుతున్న ఆకుపచ్చ బస్సులివి. ఇండియాలో కూడా 2024 నుంచి కనిపిస్తున్నాయి. బస్సులు, డ్రైవర్లు చాలావరకు స్థానిక ఆపరేటర్లవి. టికెట్, రూటు, రేటు ఫ్లిక్స్‌వి. మన ట్రావెల్స్ లోకంతో పోలిస్తే బెర్తులు ఉండవు, కూర్చునే సీట్లే. టాయిలెట్, ప్లగ్ పాయింట్ ఉంటాయి. వైఫై ఉంటుంది కానీ నిండు బస్సులో దాన్ని నమ్ముకుని సినిమా పెట్టుకోవద్దు.

సమయం సంగతి ముందు మనసులో పెట్టుకోండి. పారిస్ నుంచి లియాన్‌కు హైస్పీడ్ రైలు టీజీవీలో 2 గంటలు, బస్సులో సుమారు 6 గంటలు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు రైల్లో గంటన్నర, బస్సులో మూడున్నర గంటల పైచిలుకు. పారిస్–బ్రస్సెల్స్ రైల్లో గంటా ఇరవై నిమిషాలు, బస్సులో 4 గంటలు. అంటే రెండున్నర నుంచి మూడు రెట్లు. సమ్మె రోజున ఊళ్లోంచి బయటపడే దారుల్లోనే ట్రాఫిక్ పట్టేస్తుంది కాబట్టి బయల్దేరేది ఉదయం 6–7 మధ్యనో, రాత్రి 9 తర్వాతనో అయితే మేలు. 600 కిలోమీటర్లు దాటితే పగటి బస్సు వద్దు, రాత్రి బస్సే తీసుకోండి. రోజంతా సీట్లో కూర్చుని అలసిపోయే బదులు ఒక హోటల్ రాత్రి ఖర్చయినా మిగులుతుంది.

రేటు విమానం టికెట్ లాగే సీట్లు నిండేకొద్దీ పెరుగుతుంది. సమ్మె వార్త రాగానే కొంటే మామూలు రేటుకు కాస్త అటూ ఇటూగా దొరికే సీటు, ముందురోజు రాత్రికి రెండు మూడింతలు పలుకుతుంది. అయితే యాప్‌లో 'సీట్లు లేవు' అని కనబడగానే చేతులెత్తేయనక్కర్లేదు. గిరాకీ చూసి అదే రూటులో అదనపు బస్సులు వేస్తుంటారు, అందుకే సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున్నే ఒకసారి మళ్లీ వెతకాలి. పెద్ద నగరాల్లో ఒకటికి మించి స్టాపులుంటాయి. పారిస్‌కు బెర్సీ సెన్‌తో పాటు లా దెఫాన్స్, షార్ల్ ద గోల్ విమానాశ్రయం స్టాపులు కూడా చూడండి. ఊరి నడిబొడ్డు బస్టాండ్ నుంచి సీటు లేని బస్సులు విమానాశ్రయం స్టాపు నుంచి ఖాళీగా కనబడటం అరుదేమీ కాదు.

అదనంగా వేసిన బండి ఆకుపచ్చగానే ఉండాలని లేదు. తెల్ల బస్సో, ఏదో టూరిస్టు బస్సో రావచ్చు. రంగు చూసి కాదు, అద్దం మీద రాసిన రూటు నంబరు చూసి ఎక్కాలి. ఒకే వేళకు ఒకే ఊరికి రెండు మూడు బస్సులు నిలబడి ఉన్నప్పుడు ఈ నంబరే దిక్కు. 15 నిమిషాల ముందే అక్కడ ఉండాలి. వేళ కాగానే తలుపు మూసేస్తారు, బతిమాలితే ఆపే డ్రైవర్లు తక్కువ.

లగేజీ కొలతలు టికెట్‌తో పాటే గుర్తుంచుకోవాలి. డిక్కీలోకి ఒక పెట్టె, 80×50×30 సెంటీమీటర్లు, 20 కిలోలు. చేతి సంచి ఒకటి, 42×30×18 సెంటీమీటర్లు, 7 కిలోలు. మామూలు రోజున ఎవరూ కొలవరు. సమ్మె రోజున డిక్కీ నిండిపోతుంది కాబట్టి రెండో పెట్టె ఉన్నవాళ్లను ఆపే అవకాశం ఎక్కువ. రెండో పెట్టె ఉంటే బుకింగ్‌లోనే డబ్బు కట్టేయండి, ఎక్కేచోట అడిగితే ఖాళీని బట్టే. సరిహద్దు దాటే రూట్లలో అసలు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఎక్కనివ్వరు.

మార్కులు తగ్గేది బస్టాండ్ దగ్గర. రైల్వే స్టేషన్ ఊరి మధ్యలో ఉంటే బస్టాండ్ చాలాచోట్ల ఊరి అంచున ఉంటుంది. అక్కడిదాకా తీసుకెళ్లే లోకల్ రైలు కూడా సమ్మెలోనే ఉండొచ్చు. బెర్లిన్ ప్రధాన బస్టాండ్ పక్కన ఎస్-బాన్ (లోకల్ రైలు) స్టేషన్ ఉంది, కానీ ఎస్-బాన్ డాయిష్ బాన్‌దే. డాయిష్ బాన్ సమ్మె అయితే యూ2 మెట్రోలో కైజర్‌డామ్ స్టేషన్లో దిగి కాసేపు నడవాలి. ఆ మెట్రో నగరానిది కాబట్టి తిరుగుతుంది. మ్యూనిక్ బస్టాండ్‌కు దగ్గరి హకర్‌బ్రూక స్టేషన్ కూడా ఎస్-బాన్ మీదే ఉంది. ప్రధాన స్టేషన్ నుంచి పావుగంట నడక, లేదా ట్రామ్. మిలాన్‌లో లాంపుణ్యానో బస్టాండ్‌కు ఎం1 మెట్రోయే ఆధారం. దేశవ్యాప్త సార్వత్రిక సమ్మె అయితే మిలాన్ మెట్రో కూడా అందులో ఉండొచ్చు. దానికీ హామీ వేళలుంటాయి, ముందురోజే చూసుకోవాలి. ఫ్లోరెన్స్ బస్సులు చాలావరకు ఆగే విల్లా కోస్తాంజా హైవే పక్కన ఉంటుంది, అక్కడి నుంచి టీ1 ట్రామ్‌లో ఊళ్లోకి రావాలి. వియన్నాలో ఎర్డ్‌బెర్గ్‌కు యూ3 మెట్రో. పారిస్‌లో బెర్సీకి 6, 14 మెట్రో లైన్లు. ఇవి పారిస్ నగర రవాణా సంస్థ ఆర్‌ఏటీపీవి, ఎస్‌ఎన్‌సీఎఫ్ సమ్మెతో సంబంధం లేదు. బెర్సీ సెన్ బస్టాండ్ మాత్రం పార్కు అడుగున, చీకటిగా, గుర్తుపట్టలేని ద్వారంతో ఉంటుంది. మెట్రో దిగాక పది పదిహేను నిమిషాలు దానికే కేటాయించండి.

ఇంకో చిక్కు డ్రైవర్ గంటలది. ఈయూ నిబంధనల ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక డ్రైవర్ 45 నిమిషాలు ఆపి తీరాలి, రోజుకు మామూలుగా 9 గంటలే నడపాలి. ట్రాఫిక్‌లో గంట పోయినా ఈ విరామం మాత్రం తగ్గదు. అందుకే బస్సు గంట ఆలస్యం అనుకున్నది రెండు గంటలవుతుంది. 'పది నిమిషాల్లో వెళ్లిపోతాం కదా, ఆపడమెందుకు' అని డ్రైవర్‌తో వాదించి లాభం లేదు, బండిలో నడిపిన సమయాన్ని నమోదు చేసే పరికరం టాకోగ్రాఫ్ అన్నీ రాసుకుంటుంది. దిగిన వెంటనే వేరే బస్సు, విమానం పట్టుకోవాల్సి ఉంటే కనీసం మూడు గంటల తేడా పెట్టుకోండి. రెండు బస్సులు మారాల్సి వస్తే రెండూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది పోయినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు.

బస్సు ప్రయాణికులకూ హక్కులున్నాయి. 250 కిలోమీటర్లు, ఆపైన ఉన్న రూట్లలో బస్సు రద్దయినా, బయల్దేరడం రెండు గంటలకు మించి ఆలస్యమైనా డబ్బు వాపసు లేదా వేరే ప్రయాణం, రెండింటిలో ఏది కావాలో మీరే ఎంచుకోవచ్చు. ఆ ఎంపిక మీకివ్వకపోతే టికెట్ ధర వాపసుతో పాటు అదనంగా సగం ఇవ్వాలి. మీరు స్వయంగా రద్దు చేసుకుంటే మాత్రం బయల్దేరడానికి 15 నిమిషాల ముందు వరకు గడువుంది. ఫీజు పోను మిగిలింది వోచర్‌గా వస్తుంది, డబ్బుగా కాదు. మళ్లీ యూరప్ రానివాళ్లకు ఆ వోచర్ దేనికి పనికొస్తుందో వాళ్లకే తెలియాలి.

ఫ్లిక్స్‌లో దొరక్కపోతే ఫ్రాన్స్‌లో బ్లాబ్లాకార్ బస్, ఇటలీలో ఇటాబస్, స్పెయిన్‌లో అల్సా, బ్రిటన్‌లో నేషనల్ ఎక్స్‌ప్రెస్ చూడండి. స్పెయిన్‌లో మా మొదటి ఓటు అల్సాకే, ఆ దేశం లోపలి రూట్లలో దాని పట్టు వేరు. మధ్యవర్తి యాప్‌లలో వెతకండి కానీ టికెట్ మాత్రం కంపెనీ సైట్‌లోనే కొనండి. సమ్మె రోజున వేళ మారిందనో స్టాప్ మారిందనో వచ్చే కబురు మధ్యవర్తి దగ్గరే ఆగిపోయిన సందర్భాలు కోకొల్లలు.

బ్లాబ్లాకార్: 10కి 6.5

ఎవరో తమ పనిమీద కార్లో ఊరెళ్తుంటారు, ఖాళీ సీట్లను పెట్రోలు ఖర్చు పంచుకునే రేటుకు ఇస్తారు. లాభానికి నడపకూడదన్నది నియమం కాబట్టి డ్రైవర్ పెట్టే రేటుకు పరిమితి ఉంటుంది. సమ్మె రోజున దీని బలం అదే: బస్సు, విమానం రేట్లు ఎగబాకినంతగా ఇది ఎగబాకదు. బలహీనతా అక్కడి నుంచే వస్తుంది. రేటు పెరగదు కాబట్టి సీట్లు నిమిషాల్లో ఎగిరిపోతాయి. సాయంత్రం చూసి పొద్దున్న కొందామంటే పప్పులుడకవు.

ఫ్రాన్స్‌లో ఇది చాలా బలంగా ఉంది, స్పెయిన్‌లోనూ బాగుంది. బ్రిటన్‌లో దాదాపు లేనట్టే. పెద్ద నగరం నుంచి పెద్ద నగరానికి దొరికినంత తేలిగ్గా, పెద్ద నగరం నుంచి పర్యాటక పల్లెకు దొరకదు. సమ్మె ముందురోజు రాత్రి, ఆ రోజు తెల్లవారుజామున కొత్త రైడ్లు కుప్పలుగా పడతాయి, ఎందుకంటే ఎలాగూ ఆ దారినే వెళ్లేవాళ్లు గిరాకీ చూసి సీట్లు పెడతారు. రూటుకు, తేదీకి అలర్ట్ పెట్టుకుని నోటిఫికేషన్ రాగానే బుక్ చేయాలి. డ్రైవర్ ఆమోదం అవసరం లేకుండా వెంటనే ఖాయమయ్యే రైడ్లను ముందు చూడండి. ఆమోదం కోసం కాచుకుంటూ గంటలు పోగొట్టుకుంటే ఆలోగా మిగతా దారులు మూసుకుపోతాయి.

కొత్త ప్రొఫైల్‌తో అడిగేవాళ్లను డ్రైవర్లు సహజంగానే చివర్లో పెడతారు. ఫొటో, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు ధ్రువీకరణ యాత్ర మొదలయ్యే ముందే ఇంటి దగ్గర పూర్తిచేసి పెట్టుకోవడం సమ్మె రోజున అన్నిటికంటే పనికొచ్చే చిన్న పని. అడిగేటప్పుడు రాసే సందేశం కూడా ముఖ్యమే: ఎంతమంది, ఎన్ని పెట్టెలు, ఎంత పెద్దవి. 28 అంగుళాల పెట్టె ఉందని దాచిపెట్టి కారు దగ్గరకెళ్తే, మరో ఇద్దరి సామానుతో నిండిన చిన్న హ్యాచ్‌బ్యాక్ డిక్కీ ముందు నిలబడాల్సి వస్తుంది. ప్రొఫైల్లో 'వెనక ఇద్దరే' అని రాసినవాళ్ల కార్లు కాస్త సౌకర్యం.

ఎక్కే చోటు తరచుగా నగరం అంచున, మెట్రో చివరి స్టేషన్ దగ్గర ఉంటుంది. పారిస్ నుంచి దక్షిణానికి పోయే కార్లకు పోర్త్ దొర్లియాన్ దగ్గర ఎక్కించుకోవడం మామూలు. దింపే చోటు ఇంకా జాగ్రత్తగా చూసుకోండి: హైవే మీద ఎగ్జిట్ పక్కన పార్కింగ్ స్థలంలో దింపేస్తే అక్కడి నుంచి ఊళ్లోకి లోకల్ బస్సు ఉందా లేదా అన్నది మీదే లెక్క.

పిల్లలుంటే దీన్ని దాదాపు మరిచిపోవచ్చు. ఫ్రాన్స్‌లో 10 ఏళ్ల లోపు పిల్లలకు, జర్మనీలో 12 ఏళ్ల లోపు, 150 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. అది తెచ్చుకోవాల్సింది మీరే. అలాగే నలుగురు కుటుంబ సభ్యులకు ఒకే కార్లో సీట్లు దొరకడం గగనం. ఇద్దరిద్దరుగా విడిపోవడానికి సిద్ధపడితేనే కుదురుతుంది.

అసలు భయం డ్రైవర్ ఆఖరి నిమిషంలో రద్దు చేయడం. డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది, సందేహం లేదు. కానీ వేరే కారు చూపించే బాధ్యత ఎవరికీ లేదు, బస్సుకో రైలుకో ఉన్న ప్రయాణికుల హక్కులేవీ ఇక్కడ వర్తించవు. మీరు రద్దు చేసుకుంటే 24 గంటల ముందు వరకు సర్వీసు ఫీజు మాత్రమే పోతుంది, ఆ తర్వాత సీటు ధరలో సగం కూడా పోతుంది. మర్నాడు విమానం ఉన్నవాళ్లు, క్రూజ్ ఎక్కాల్సినవాళ్లు దీని మీద పూర్తిగా ఆధారపడకూడదనే మా అభిప్రాయం. ఒక్కరే, బ్యాక్‌ప్యాక్‌తో, సాయంత్రానికి చేరితే చాలనుకునేవాళ్లకు మాత్రం బస్సు కంటే ఇదే నయం; టైమూ తక్కువ, మధ్యలో స్టాపులూ తక్కువ.

ఒకచోట తీసుకుని మరోచోట వదిలే అద్దె కారు: 10కి 5

తెరమీద కనబడే రోజు అద్దె అసలు ఖర్చులో ఒక ముక్క మాత్రమే. తీసుకున్న ఊళ్లో కాకుండా వేరే ఊళ్లో వదిలితే వన్-వే ఫీజు. ఒకే దేశంలో అయితే కొన్ని కంపెనీల్లో అది తక్కువ, పెద్ద నగరాల మధ్య ఒక్కోసారి ఉండదు కూడా. సరిహద్దు దాటి వదిలితే అద్దె కంటే ఆ ఫీజే ఎక్కువై కూర్చుంటుంది. మిలాన్‌లో తీసుకుని నీస్‌లో వదలడం కంటే, సరిహద్దుకు ఈవలే వెంటిమిల్యా వరకు ఏదో విధంగా చేరి ఆ తర్వాత వేరే బండి చూసుకోవడం చౌక. దీని మీద ఫ్రాన్స్, ఇటలీ హైవే టోల్, పెట్రోలు, రెండో డ్రైవర్‌కు రుసుము, 25 ఏళ్లలోపు డ్రైవర్ అయితే ఇంకో రుసుము. స్విట్జర్లాండ్ హైవే ఎక్కితే 40 ఫ్రాంకుల విన్యెట్ (టోల్ స్టిక్కర్), ఒక్కరోజుకైనా ఏడాదిదే కొనాలి. ఆస్ట్రియాలో కూడా విన్యెట్ కావాలి, అక్కడ ఒక్కరోజుది దొరుకుతుంది.

కౌంటర్ దగ్గర వెనక్కి పంపేసేది సాధారణంగా మూడు కారణాలకు. క్రెడిట్ కార్డు నడిపే మనిషి పేరు మీద లేకపోవడం మొదటిది. డిపాజిట్‌గా వందల యూరోలు బ్లాక్ చేస్తారు, చాలాచోట్ల డెబిట్ కార్డు ఒప్పుకోరు. ఇండియా లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకపోవడం రెండోది. ఇది బయల్దేరే ముందే తీసుకోవాల్సిన కాగితం, సమ్మె వార్త విన్నాక యూరప్‌లో పుట్టించలేరు. ఇక మూడోది, గేర్లు మార్చే కారే మిగిలి ఉండటం. ఆటోమేటిక్ బండ్లు ఇక్కడ మామూలుగానే తక్కువ, సమ్మె రోజున ముందు అయిపోయేవి అవే. ఊళ్లోని కౌంటర్లు ఆదివారం మూసేస్తారు లేదా మధ్యాహ్నానికే కట్టేస్తారు. విమానాశ్రయం కౌంటర్లు తెరిచే ఉంటాయి కానీ రేటు ఎక్కువ.

ఇటలీలో కారు తీసుకుంటే చరిత్రాత్మక నగర కేంద్రాల చుట్టూ ఉండే జెడ్‌టీఎల్ (బయటి వాహనాలకు ఆంక్షలున్న ప్రాంతం) కెమెరాల సంగతి తెలిసి ఉండాలి. అనుమతి లేకుండా లోపలికి వెళ్తే ప్రతి ప్రవేశానికీ ఒక జరిమానా. దాని పైన అద్దె కంపెనీ మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు తన ఫీజు తాను విడిగా కోస్తుంది. నోటీసు నెలల తర్వాత ఇంటికొస్తుంది. ఫ్లోరెన్స్‌లో హోటల్ ముందు దిగుదామనుకుని ఇరుక్కునేవాళ్లే ఎక్కువ. ఇవన్నీ కూడితే ఇద్దరు మనుషులకు అద్దె కారు గిట్టదు. నలుగురు, రెండు మూడు రోజుల పర్యటన, పల్లెటూళ్లు చూడాలన్న ఆలోచన ఉంటే 5 మార్కులు 8 అవుతాయి.

విమానం మాట

800 కిలోమీటర్లు దాటితేనే ఆలోచించండి. ఫ్రాన్స్‌లో 2023 మే నుంచి పారిస్ ఓర్లీ నుంచి లియాన్, నాంత్, బోర్డోలకు విమానాలను చట్టంతోనే ఆపేశారు, రైల్లో రెండున్నర గంటల్లోపు వెళ్లొచ్చన్న కారణంతో. ఆ రైలే ఆగిన రోజున ఈ దారుల్లో ఓర్లీ వైపు చూసి లాభం లేదు. విమానాశ్రయానికి పోయే రైలు సంగతి కూడా మరవొద్దు. మిలాన్ మాల్పెన్సా ఎక్స్‌ప్రెస్ ఆగినప్పుడు కదోర్నా స్టేషన్ బయట వియా పాలెయోకాపా నుంచి బదులు బస్సులు వేస్తారు. స్టేషన్ లోపల ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తే అవి కనబడవు. రైలు సమ్మె వల్ల విమానం తప్పిపోతే విమానయాన సంస్థ బాధ్యత లేదు, రెండూ ఒకే టికెట్ మీద ఉంటే తప్ప. లండన్ వెళ్లి రావాలనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: యూరోస్టార్ రైలుకు బదులు బస్సెక్కినా, విమానమెక్కినా షెంజెన్ దాటి బయటకు వెళ్లినట్టే. సింగిల్ ఎంట్రీ వీసా అయితే మళ్లీ పారిస్‌లోకి రానివ్వరు.

రైలు టికెట్ డబ్బు రాబట్టుకోవడం

2023 జూన్ 7 నుంచి అమల్లో ఉన్న ఈయూ నిబంధన 2021/782 ప్రకారం రైలు రద్దయినా, గమ్యానికి గంట లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యమవుతుందని తేలినా మీకు రెండింటిలో ఒకటి: డబ్బు వాపసు, లేదా వేరే దారిలో గమ్యానికి చేర్చడం. ఒకటి ఎంచుకుంటే రెండోది పోతుంది. యాప్‌లో ఎర్రగా 'రీఫండ్' బటన్ కనబడగానే నొక్కేస్తే, ఇక బస్సు ఖర్చు పూర్తిగా మీదే.

నొక్కకుండా ఆగితే ఒక మంచి మెలిక ఉంది. రైలు బయల్దేరాల్సిన వేళ నుంచి 100 నిమిషాల్లోపు వేరే దారేంటో కంపెనీ మీకు చెప్పకపోతే, మీరే వేరే రైలు, బస్సు టికెట్ కొనుక్కుని ఆ ఖర్చు అడగొచ్చు. అవసరమైన, సహేతుకమైన ఖర్చు వరకు ఇవ్వాల్సిందే. కానీ నిబంధనలో ఉన్నది రైలు, బస్సు లాంటి ప్రజా రవాణా మాత్రమే. బ్లాబ్లాకార్ సీటు, టాక్సీ, అద్దె కారు బిల్లులు పెడితే ఈ లెక్కన రావు. బస్సుకు మేం ఎక్కువ మార్కులు వేయడానికి సగం కారణం ఇదే. 100 నిమిషాలు ఆగేలోపు బస్సు సీట్లు అయిపోతాయని భయముంటే కౌంటర్‌లోనో, చాట్‌లోనో అడిగి, 'మీరే చూసుకోండి' అన్న జవాబును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని అప్పుడు కొనండి.

వేరే దారిలో ఆలస్యంగా చేరితే పరిహారం కూడా ఉంది: 60 నుంచి 119 నిమిషాల ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు, ఆపైన అయితే 50 శాతం. 'సమ్మె మా చేతుల్లో లేదు' అని కంపెనీ తప్పించుకోలేదు; తన సిబ్బంది సమ్మెను అసాధారణ పరిస్థితిగా చూపకూడదని నిబంధనలోనే స్పష్టంగా ఉంది. ఆలస్యం సంగతి చెప్పాకే టికెట్ కొని ఉంటే మాత్రం పరిహారం రాదు.

ఇటలీలో ట్రెనిటాలియా టికెట్ వదులుకోవాలనుకుంటే గడువు తేడాగా ఉంటుంది. ఫ్రెచ్చా, ఇంటర్‌సిటీలకు రైలు బయల్దేరే వేళ వరకు వాపసు అడగొచ్చు. ప్రాంతీయ రైలు టికెట్‌కు సమ్మె ముందురోజు అర్ధరాత్రి వరకే. పొద్దున్న లేచి చూద్దామనుకుంటే ఆ డబ్బు పోయినట్టే, మొత్తం చిన్నదే అయినా.

క్లెయిమ్‌కు కావాల్సినవి రద్దయిన రైలు నంబరుతో బోర్డు ఫొటో, కంపెనీ పంపిన మెసేజ్, కొత్త టికెట్, దాని రసీదు. వాపసు 30 రోజుల్లోపు రావాలి. డబ్బుకు బదులు వోచర్ ఇస్తామంటే మీరు ఒప్పుకుంటేనే. ఫారంలో ఆ గడి ముందే టిక్ చేసి ఉందేమో చూసి తీసేయండి.